ఏ ఊళ్ళో దిగుదాం?

ఇల్లు మారాలనుకోగానే మగవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "అద్దె ఎంత?" అని. ఆడవాళ్ళు అడిగేది "నీళ్ళు ఎలా ఉన్నాయి?" అని. ఆయన ఆఫీసు ఎంత దూరమో లెక్క కడతాడు. ఆవిడ పక్కవాటాలో ఎవరున్నారో, పిల్లల బడి ఎక్కడో, అర్ధరాత్రి పిల్లాడికి ఒళ్ళు కాలితే డాక్టరు పలుకుతాడో లేదో వాకబు చేస్తుంది. ఈ రెండు లెక్కలూ కలిస్తేనే ఆ ఇంట్లో కాపురం నిలుస్తుంది. నాలుగు వీధుల అవతలికి మారడానికే ఇంత తర్జనభర్జన పడతాం కదా! మూడు వేల మైళ్ళ సముద్రం దాటి, మళ్ళీ పుట్టింటి గడప తొక్కుతామన్న ఆశ లేకుండా వెళ్ళినవాళ్ళు తమ ఊరిని ఎలా ఎంచుకున్నారు?

ఇంగ్లండు నుంచి అమెరికా వలస వెళ్ళినవాళ్ళ కథలు చదివినప్పుడల్లా నా మనసు ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది. వాళ్ళు ఎందుకు వెళ్ళారో చరిత్ర పుస్తకాలు చెబుతాయి. మతం కోసం కొందరు, భూమి కోసం కొందరు, నాలుగు రాళ్ళు వెనకేసుకుందామని మరికొందరు. కాని ఏ ఊళ్ళో దిగాలన్నది ఎలా తేల్చుకున్నారో తెలియాలంటే ఉత్తరాలూ, ఆడవాళ్ళు రాసుకున్న జ్ఞాపకాలూ వెతుక్కోవాలి. అలా వెతికితే దొరికిన కొన్ని ఊళ్ళ సంగతులు ఇవాళ మీతో చెప్పాలనిపించింది.

ముందు నీళ్ళ సంగతే చూద్దాం.

1630లో జాన్ విన్‌త్రాప్ నాయకత్వాన 11 ఓడలు ఇంగ్లండు నుంచి మసాచుసెట్స్ తీరానికి బయల్దేరాయి. వాటిలో ఎక్కినవాళ్ళు ప్యూరిటన్లు. ఇంగ్లండు చర్చి పద్ధతులు నచ్చక, తమ పద్ధతిలో తాము బతుకుదామని ఇళ్ళూ పొలాలూ అమ్ముకుని వచ్చినవాళ్ళు. వాళ్ళు మొదట దిగిన ఊరు సేలం. తీరా చూస్తే అక్కడికి ముందే వచ్చినవాళ్ళు తిండికి కటకటలాడుతున్నారు. ఈ ఊరు లాభం లేదనుకుని చార్లెస్‌టౌన్‌కి మారారు. అక్కడ గుడారాలు వేసుకున్నారు. చోటు బాగానే ఉంది, రేవు బాగానే ఉంది, శత్రువులొస్తే కాచుకోవడానికీ బాగానే ఉంది. లేనిదల్లా మంచినీళ్ళు! ఉన్న ఊట కాస్తా సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఉప్పునీళ్ళలో మునిగిపోయేది. ఓడ ప్రయాణంలో నీరసించిన మనుషులు ఆ నీళ్ళతో, ఆ గుడారాల్లో పిట్టల్లా రాలిపోయారు.

నదికి అవతల షామట్ అనే చోట విలియం బ్లాక్‌స్టన్ అనే మతాచార్యుడు ఒంటరిగా ఉండేవాడు. తన పుస్తకాలూ, తన తోటా తప్ప ఆయనకి మరో తోడు లేదు. వీళ్ళ అవస్థ చూసి ఆయన జాలిపడి, తన వైపు చక్కని ఊట ఉందని, వచ్చెయ్యమని కబురు చేశాడు. అందరూ అటు తరలిపోయారు. ఆ సెప్టెంబరులో ఆ చోటికి బోస్టన్ అని పేరు పెట్టారు. ఇంగ్లండులో లింకన్‌షైర్‌లో తాము విడిచివచ్చిన ఊరి పేరు అది. ఇవాళ ఎంతో విద్యా కేంద్రమని చెప్పుకుంటున్న ఆ మహానగరం పుట్టింది గుక్కెడు మంచినీళ్ళ కోసం! ఇప్పటికీ ఆ ఊరి నడిబొడ్డున స్ప్రింగ్ లేన్ అని ఒక సందు ఉంది. ఊట సందు అన్నమాట. పాపం బ్లాక్‌స్టన్‌కి మాత్రం ఇరుగుపొరుగు సరిపడలేదు. ఐదేళ్ళకే పెట్టేబేడా సర్దుకుని రోడ్ ఐలండ్ వైపు వెళ్ళిపోయాడు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోకపోతే అన్యాయమవుతుంది. ఆ తీరమంతా ఖాళీగా ఉన్నట్టు వీళ్ళకి కనబడింది. నిజానికి 1616 నుంచి 1619 దాకా వచ్చిన అంటువ్యాధి అక్కడి ఆదివాసుల పల్లెలు పల్లెల్నే తుడిచిపెట్టేసింది. ఖాళీ ఇల్లు చూడగానే మనం "ఇంతకుముందు ఎవరుండేవారు? ఎందుకు ఖాళీ చేశారు?" అని అడుగుతాం. వాళ్ళు ఆ ప్రశ్న అడగలేదు. అడిగి ఉంటే చాలా కథలు వేరేగా నడిచేవి.

మరి ఆ ఓడల్లో వచ్చిన ఆడవాళ్ళు? అందరికంటె ముందు నడిచిన ఓడకి ఒక ఆడకూతురి పేరే పెట్టారు, ఆర్బెల్లా అని. ఒక ఎర్ల్ గారింట్లో పుట్టి పెరిగిన బిడ్డ ఆవిడ. సేలంలో దిగి రెండు మూడు నెలలు కూడా కాకుండానే కన్నుమూసింది. ఆవిడ భర్త మరో నెల బతికాడు, అంతే. విన్‌త్రాప్ భార్య మార్గరెట్ నిండు చూలాలు కావడంతో ఇంగ్లండులో ఉండిపోయింది. విడిపోయే ముందు ఆ దంపతులు ఒక ఒప్పందం చేసుకున్నారు. ప్రతి సోమవారం, శుక్రవారం సాయంత్రం 5 గంటలకి ఎక్కడున్నా ఒకరినొకరు తలుచుకోవాలని! మరుసటేడు ఆవిడ బయల్దేరి వచ్చింది. తండ్రి ముఖం చూడని పసిపాప దారిలో ఓడలోనే పోయింది. కొత్త ఊళ్ళో అడుగుపెట్టేనాటికి ఆ తల్లి ఒడి ఖాళీ. బోస్టన్‌లో మంచినీళ్ళ ఊట ఉందన్న సంగతి ఆ క్షణాన ఆవిడకి ఏం ఓదార్పునిస్తుంది?

ఆర్బెల్లా ఓడలోనే 18 ఏళ్ళ ఆన్ బ్రాడ్‌స్ట్రీట్ కూడా వచ్చింది. తండ్రీ, భర్తా ఇద్దరూ ఆ వలసలో పెద్దలే. వాళ్ళు ఊరు మారమన్నప్పుడల్లా మారింది. సేలం, చార్లెస్‌టౌన్, తరవాత కేంబ్రిడ్జి అయిన న్యూటౌన్, ఇప్స్‌విచ్, చివరికి ఆండోవర్. లెక్కపెడితే ఐదు కాపురాలు! ఎనిమిదిమంది పిల్లలు. ఇన్ని పొయ్యిలు రాజేస్తూ, ఇన్నిసార్లు సామాన్లు కడుతూ ఆవిడ కవిత్వం రాసింది. ఆ కవితల్ని మరిది వరసయ్యే ఆయన ఇంగ్లండు పట్టుకెళ్ళి, 1650లో లండన్‌లో అచ్చు వేయించాడు. అమెరికాలో కాపురమున్న ఇంగ్లీషువాళ్ళలో పుస్తకం వెలువడిన మొదటి కవి ఒక గృహిణి అన్నమాట! ఊళ్ళు ఎంచింది మగవాళ్ళు. ఆ ఊళ్ళకి ఒక గొంతు ఇచ్చింది మాత్రం ఆవిడ.

ఇక బోస్టన్ తరవాత యాభై ఏళ్ళకి ఫిలడెల్ఫియా. దీని కథ వింటే మీకు ఇవాళ్టి ప్లాట్ల ప్రకటనలు గుర్తొస్తాయి.

విలియం పెన్ తండ్రికి ఇంగ్లండు రాజు 16,000 పౌన్లు బాకీ. ఆ బాకీ కింద 1681లో రాజు కొడుక్కి అమెరికాలో ఒక పెద్ద రాష్ట్రమంత భూమి రాసిచ్చాడు. పెన్ క్వేకరు. మతం పేరిట జైళ్ళలో మగ్గినవాడు. ఎవరి మతం వారిదనే ఊరు కట్టాలని ఆయన కల. వెంటనే కరపత్రాలు అచ్చువేయించాడు. 5,000 ఎకరాలు 100 పౌన్లకే! పల్లెలో పొలం కొన్నవారికి పట్నంలో స్థలం కొసరు! లండన్‌లో 1665లో ప్లేగు, 1666లో అగ్నిప్రమాదం తన కాలంలోనే జరిగాయి కాబట్టి తన ఊళ్ళో వీధులు వెడల్పుగా, ఇళ్ళు దూరదూరంగా, ప్రతి ఇంటి చుట్టూ తోట ఉండాలన్నాడు. వీధులకి చెట్ల పేర్లు పెట్టారు. చెస్ట్‌నట్, వాల్‌నట్, స్ప్రూస్, పైన్ వీధులు ఇప్పటికీ ఆ పేర్లతోనే ఉన్నాయి.

ప్రకటనలు గుప్పించేవాళ్ళలో పెన్ కొంచెం నిజాయితీ ఉన్నవాడనే చెప్పాలి. తన కరపత్రంలోనే, రెండు మూడేళ్ళు సౌకర్యాలు లేకుండా గడపడానికి సిద్ధపడి రమ్మన్నాడు. దగ్గర చుట్టాల అంగీకారం లేకుండా రావద్దన్నాడు. ఏ ప్లాట్ల కంపెనీ ఈ మాట అంటుంది చెప్పండి! నిజంగానే తొలి చలికాలం చాలామంది నది ఒడ్డున తవ్వుకున్న గుహల్లో గడిపారు. తోట మధ్య ఇల్లు అని చెప్పి తీసుకొచ్చిన భర్త, మట్టిగుహ చూపిస్తే ఆ ఇల్లాలు ఏమన్నదో ఎవరూ రాసిపెట్టలేదు.

విచిత్రమేమిటంటే, ఇంతమందిని రమ్మని పిలిచిన పెన్ సొంత భార్య గులియెల్మా ఆ ఊరు చూడనే లేదు. ఇంగ్లండులోనే ఉండి 1694లో చనిపోయింది. రెండో భార్య హన్నా 1699లో వచ్చింది. 1701లో ఇద్దరూ తిరిగి వెళ్ళిపోయారు. కాని అసలు కథ తరవాత ఉంది. 1712లో పెన్‌కి పక్షవాతం వచ్చింది. అప్పటి నుంచి 1726లో తను పోయేదాకా, పిల్లల్నీ మంచంపట్టిన మనిషినీ చూసుకుంటూ, ఇంగ్లండులో కూర్చుని పెన్సిల్వేనియా వ్యవహారాలన్నీ నడిపింది హన్నా. తను రెండేళ్ళు మాత్రమే కాపురమున్న ఊరిని ఆవిడ పద్నాలుగేళ్ళు ఏలింది.

పంతొమ్మిదో శతాబ్దం వచ్చేసరికి ఊరు ఎంచుకునే తీరు మారింది. అమెరికా స్వతంత్ర దేశమైంది. ఊళ్ళు పెరిగాయి. "తూర్పు తీరంలో పట్నాల దగ్గర ఉందామా, పడమటికి పోయి చవగ్గా భూములు కొందామా?" అన్నది పెద్ద వాదమైంది. 1817లో మోరిస్ బర్క్‌బెక్, జార్జి ఫ్లవర్ అనే ఇద్దరు స్నేహితులు ఇలినాయ్‌లో పచ్చిక మైదానాలు చూసి మురిసిపోయి, ఇంగ్లండు రైతులందరినీ రమ్మని పిలుపులిచ్చారు. విలియం కాబెట్ అనే పేరున్న పత్రికాకారుడు అప్పుడు న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండులో ఉండేవాడు. ఆయన దీన్ని దుమ్మెత్తిపోశాడు. సుఖమైన ఇళ్ళకీ ఇరుగుపొరుగుకీ అలవాటుపడ్డ ఇంగ్లీషు రైతుని అడవిలోకి తీసుకుపోవడం తగదని, తీరం దగ్గరే ఉండమని వాదించాడు.

ఆ వాదంలో ఎవరు నెగ్గారో తేలకముందే ఇంకో ముచ్చట జరిగింది. వాళ్ళతోపాటు ప్రయాణం చేసిన ఎలైజా జూలియా ఆండ్రూస్ అనే చక్కని అమ్మాయిని భార్య పోయిన బర్క్‌బెక్ పెళ్ళి చేసుకోవాలనుకున్నాడు. ఆ అమ్మాయి జార్జి ఫ్లవర్‌ని చేసుకుంది. దాంతో స్నేహితులిద్దరికీ మాటలు లేవు. ఒక్క ఊరు కావలసింది రెండు ఊళ్ళయింది. బర్క్‌బెక్‌ది వాన్‌బరో, ఫ్లవర్‌ది ఆల్బియన్. రెంటికీ మధ్య దూరం రెండు మైళ్ళు! 1825లో బర్క్‌బెక్ నదిలో మునిగి చనిపోయాడు. వాన్‌బరో మెల్లగా మాసిపోయింది. ఆల్బియన్ ఇప్పటికీ ఉంది. కొత్తగా వచ్చే కుటుంబాలు ఆ రెండు ఊళ్ళ మధ్య ఏది ఎంచుకోవాలో తేల్చుకోవలసి వచ్చిందంటే, దానికి కారణం నేల సారమూ కాదు, నీటి వసతీ కాదు, ఒక కుదరని పెళ్ళి!

ఇక పనిచేతిలో ఉన్నవాళ్ళకి ఈ వాదాలతో నిమిత్తం లేదు. వాళ్ళని ఊరే పిలిచింది. మాక్లెస్‌ఫీల్డ్ పట్టు నేతవాళ్ళు న్యూజెర్సీలో పాటర్సన్‌కి వెళ్ళారు. లాంకషైర్ నూలు మిల్లుల వాళ్ళు మసాచుసెట్స్‌లో ఫాల్ రివర్‌కి, స్టాఫర్డ్‌షైర్‌లో పింగాణీ పని చేసేవాళ్ళు ఒహైయోలో ఈస్ట్ లివర్‌పూల్‌కి చేరారు. మన పద్మశాలీలు షోలాపూరు, భివండి వెళ్ళి స్థిరపడ్డట్టే. ముందు ఒకడు వెళ్తాడు. ఉత్తరం రాస్తాడు. కూలి ఎంతో, బియ్యం ధర బదులు పిండి ధర ఎంతో, అద్దె ఎంతో రాస్తాడు. ఆ ఉత్తరం వీధి అంతా చదువుతుంది. మరుసటేడు ఇంకో రెండు కుటుంబాలు అదే ఊరికి బయల్దేరతాయి. దూరపు కొండలు నునుపే కాని, తెలిసినవాడు ఎక్కిన కొండ అయితే కొంచెం ధైర్యం.

గనిపనివాళ్ళు కార్న్‌వాల్ నుంచి విస్కాన్సిన్‌లో మినరల్ పాయింట్‌కి వెళ్ళారు. అక్కడ షేక్ ర్యాగ్ అని ఒక వీధి ఉంది, గుడ్డ ఊపే వీధి. వంట కాగానే ఆడవాళ్ళు గుమ్మంలో నిలబడి గుడ్డ ఊపితే, ఎదుటి కొండ మీద గనుల్లో ఉన్న మగవాళ్ళు చూసి భోజనానికి వచ్చేవారని చెప్పుకుంటారు. మాంసమూ దుంపలూ పెట్టి మడిచి కాల్చే తమ కార్న్‌వాల్ పాస్టీని కూడా వాళ్ళు వెంట తీసుకెళ్ళారు. ఆ ఊళ్ళో ఈనాటికీ అది దొరుకుతుంది. ఊరు మారినా మూకుడు మారలేదన్నమాట.

ఇప్పుడు అసలు చెప్పదలుచుకున్న ఊరికి వస్తాను. సిన్సినాటి. ఒహైయో నది ఒడ్డున ఉంది. పడమటి ఊళ్ళన్నిటికీ రాణి అని అప్పట్లో గొప్ప పేరు. ఈ ఊరికి ఇంగ్లండు నుంచి పదేళ్ళ తేడాలో ఇద్దరు ఇల్లాళ్ళు వచ్చారు. ఇద్దరి కథా చూడండి.

మొదటావిడ మిసెస్ ఫ్రాన్సెస్ ట్రొలోప్. భర్త లాయరు. కోపిష్టి కావడంతో కక్షిదారులు ఒక్కొక్కరే జారిపోయారు. వ్యవసాయం పెడితే అదీ నష్టమే. 1827లో ఈవిడ ముగ్గురు పిల్లల్ని వెంటబెట్టుకుని, తన స్నేహితురాలు టెనెసీ అడవుల్లో పెట్టిన ఆశ్రమంలో ఉందామని బయల్దేరింది. బానిసలకి చదువూ పనీ నేర్పి విడుదల చేయాలని పెట్టిన ఆశ్రమం అది. ఆశయం గొప్పదే. తీరా వెళ్ళి చూస్తే బురద, కారే కప్పులు, జ్వరాలు. పది రోజులు తిరక్కుండా అక్కడి నుంచి బయటపడి, 1828 ఫిబ్రవరిలో సిన్సినాటిలో దిగింది.

అద్దె ఇల్లు తీసుకుంది. ఇంటికి పంపు లేదు, తొట్టి లేదు, మురుగు పోయే దారి లేదు. చెత్త ఎక్కడ పొయ్యాలని ఇంటివాణ్ణి అడిగితే వీధి మధ్యన పొయ్యమన్నాడు. పక్కన పొయ్యకూడదుట, చట్టం ఒప్పుకోదుట. మధ్యన పోస్తే పందులు తినిపోతాయి! పందిమాంసం వ్యాపారానికి పెట్టింది పేరు ఆ ఊరు. పనిమనిషి దొరకడం మరీ గగనం. అక్కడి ఆడపిల్లలు సగం కూలికి కాగితం మిల్లులో పనిచెయ్యడానికైనా ఒప్పుకుంటారు గాని, ఒకరింట్లో పనిమనిషి అనిపించుకోవడానికి ఒప్పుకోరు. మిసెస్ ట్రొలోప్‌కి ఇది పొగరుగా తోచింది. నాకైతే ఆ అమ్మాయిల మీద గౌరవమే కలిగింది.

ఆవిడ చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు. ఊళ్ళో ఒక మ్యూజియంలో నరకం ఎలా ఉంటుందో చూపించే మైనపు బొమ్మల ప్రదర్శన ఏర్పాటు చేయించింది. జనం విరగబడి వచ్చారు. ఆ ధైర్యంతో ఒక పెద్ద బజారు కట్టించింది. ఈజిప్టు స్తంభాలూ, మూరిష్ కమానులూ పెట్టి, లోపల దుకాణాలు, కాఫీ గది, నాట్యశాల! ఇల్లు కట్టి చూడు అన్నారు మనవాళ్ళు. భర్త ఇంగ్లండు నుంచి పంపిన సరుకు ఎవరికీ అక్కర్లేనిది. ఇంతలో ఆవిడకి జ్వరం. అప్పులవాళ్ళు వచ్చి సామానంతా జప్తు చేశారు. 1830లో ఆ ఊరు విడిచిపెట్టింది. ఆవిడ కట్టిన భవనానికి ట్రొలోప్ గారి వెర్రి అని పేరు మిగిలింది. 1881లో పడగొట్టేదాకా అది అక్కడే నిలబడి ఉంది.

మరుసటేడు ఇంగ్లండు చేరి, 53వ ఏట, 1832లో అమెరికన్ల ఇంటి అలవాట్ల మీద పుస్తకం అచ్చువేసింది. పందులు, ఉమ్ములు, విందుల్లో ఆడవాళ్ళొక మూల మగవాళ్ళొక మూల కూర్చోవడం, ఒక్కటీ వదల్లేదు. ఇంగ్లండులో పుస్తకం అమ్ముడే అమ్ముడు. అమెరికాలో తిట్లే తిట్లు. అప్పటి నుంచి రోజూ తెల్లవారుఝామున 4 గంటలకి లేచి రాసి, ఆ రాతలతో సంసారం ఈదింది. ఆవిడ కొడుకే నవలాకారుడు ఆంటొనీ ట్రొలోప్. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆవిడ నోరు కొంచెం దురుసే. అయినా ఆ ఊరు ఆవిడకి డబ్బు ఇవ్వకపోయినా ఒక పుస్తకం ఇచ్చింది.

రెండో ఇల్లాలు హన్నా బ్లాక్‌వెల్. బ్రిస్టల్‌లో భర్త సామ్యూల్‌కి పంచదార శుద్ధిచేసే కర్మాగారం ఉండేది. 1831లో బ్రిస్టల్‌లో అల్లర్లు, వ్యాపారంలో దెబ్బలు. 1832లో కుటుంబమంతా ఓడెక్కి ఏడు వారాలకు పైగా ప్రయాణించి న్యూయార్క్‌లో దిగింది. ఆ ఏడు న్యూయార్క్‌ని కలరా ఊపేసింది. ఎందుకు ఆ ఊరే ఎంచుకున్నారంటే పంచదార వ్యాపారం అక్కడే ఉంది కనుక. కాని చెరకు తోటల్లో పనిచేసేవాళ్ళు బానిసలు. బానిసత్వం పోవాలని నమ్మిన మనిషి ఆయన. తిండిపెట్టే వ్యాపారమేమో దాని మీదే ఆధారపడింది. ఈ చిక్కు విప్పుకోవడానికి బీట్ దుంపల నుంచి పంచదార తీద్దామని ఆయన ఆలోచన. 1837లో దేశమంతటా వ్యాపారాలు కుప్పకూలాయి. 1838లో కొత్త ఆశతో సిన్సినాటికి మారారు. కొండలు దాటి, కాలువ పడవలూ నది పడవలూ ఎక్కి చేరారు.

చేరిన మూడు వారాలకి సామ్యూల్ జ్వరంతో చనిపోయాడు.

ఊహించండి. తెలియని ఊరు. తొమ్మిదిమంది పిల్లలు. చేతిలో చెప్పుకోదగ్గ డబ్బు లేదు. ఈ ఊరు ఎంచిన మనిషి లేడు, ఎంచిన కారణం కూడా ఆయనతోనే పోయింది. తిరిగి ఇంగ్లండు వెళ్ళే దారి లేదు. మరి హన్నా, పెద్ద కూతుళ్ళూ ఏం చేశారు? తమ ఇంట్లోనే ఆడపిల్లల కోసం బడి పెట్టారు. కూటి కోసం కోటి విద్యలు. తండ్రి ఆడపిల్లలకీ మగపిల్లలకీ సమానంగా చదువు చెప్పించాడు కాబట్టి ఆ చదువే అన్నం పెట్టింది. పందులు తిరిగే ఆ వీధుల్లోనే, కూతుళ్ళకి చదువు చెప్పించాలనుకున్న తల్లిదండ్రులూ ఉన్నారు. పుస్తకాలు మాట్లాడుకునే స్నేహితులు దొరికారు. వాళ్ళలో ఒకావిడ హారియెట్ బీచర్ స్టో, తరవాత బానిసల గురించి రాసిన నవలతో దేశాన్నే కుదిపేసిన రచయిత్రి.

ఆ ఇంట్లో అప్పటికి 17 ఏళ్ళ అమ్మాయి ఎలిజబెత్. జబ్బుతో తీసుకుంటున్న ఒక స్నేహితురాలు, తనని చూసేది ఆడ డాక్టరైతే ఈ బాధ సగం తగ్గేదని ఆవిడతో అన్నది. ఆ మాట మనసులో నాటుకుంది. కాలేజీ తరవాత కాలేజీ కాదంటే, చివరికి ఒక్కటి చేర్చుకుంది. 1849 జనవరిలో అమెరికాలో వైద్య పట్టా పుచ్చుకున్న మొదటి మహిళ అయింది ఎలిజబెత్ బ్లాక్‌వెల్. చెల్లెలు ఎమిలీ కూడా డాక్టరై, అక్కతో కలిసి 1857లో న్యూయార్క్‌లో పేద స్త్రీలకి, పిల్లలకి ఆసుపత్రి పెట్టింది.

ఒకే ఊరు. ఒకావిడని దివాలా తీయించింది. ఇంకొకావిడని నిలబెట్టింది. తేడా ఎక్కడ ఉంది? ఈ ఊరికి నేను ఏం అమ్మగలనని మిసెస్ ట్రొలోప్ చూసింది. ఈ ఊళ్ళో ఆడపిల్లలకి ఏం లేదని హన్నా చూసింది. ఇందులో ఒకరి తెలివి, ఒకరి తెలివితక్కువ అని నేననను. మిసెస్ ట్రొలోప్‌కి వెనక్కి వెళ్ళే దారి ఉంది, హన్నాకి లేదు. దారి లేనివాళ్ళు ఊరిని వేరే కళ్ళతో చూస్తారు.

ఇలాంటి ఇంకొక తల్లి కథ చెప్పి ముగిస్తాను. అమెరికాలో అంతర్యుద్ధం రావడంతో పత్తి రాక మాంచెస్టర్ మిల్లులు మూతపడ్డాయి. అక్కడ ఒక వితంతువు, మిసెస్ హాడ్జ్‌సన్, దుకాణం నడుపుకుంటూ ఐదుగురు పిల్లల్ని పెంచుతోంది. ఊళ్ళో డబ్బు లేకపోతే దుకాణానికి ఎవరొస్తారు? టెనెసీలో నాక్స్‌విల్‌లో ఉన్న తమ్ముడు రమ్మన్నాడు. 1865లో అన్నీ అమ్ముకుని వెళ్ళింది. ఊరు ఎంచడానికి తోబుట్టువు ఉన్నాడన్న భరోసాకి మించి ఏం కావాలి? కాని యుద్ధం ముగిసేసరికి ఆయన వ్యాపారమే దెబ్బతింది. వీళ్ళు నాక్స్‌విల్‌కి కొంత దూరంలో ఒక పల్లెలో చెక్క ఇంట్లో సర్దుకోవలసి వచ్చింది.

ఆ ఇంట్లో ఫ్రాన్సెస్ అనే అమ్మాయి కథలు రాసేది. పత్రికకి పంపుదామంటే కాగితాలకీ, తపాలా బిళ్ళలకీ డబ్బు లేదు. అడవిలో కాసిన ద్రాక్షపళ్ళు కోయించి, అమ్మించి ఆ డబ్బుతో కథ పంపానని తరవాత తనే రాసుకుంది. ఆ పత్రిక ఫిలడెల్ఫియా నుంచి వచ్చే గోడీస్ లేడీస్ బుక్, ఆడవాళ్ళ పత్రిక. దాని సంపాదకురాలు సారా హేల్ కూడా భర్త పోయి ఐదుగురు పిల్లలతో మిగిలి, కలం పట్టి నిలదొక్కుకున్న మనిషే. 1868లో ఫ్రాన్సెస్ కథలు రెండు అచ్చయ్యాయి. రెంటికీ కలిపి 35 డాలర్లు వచ్చాయి. ఆ అమ్మాయే "ది సీక్రెట్ గార్డెన్" రాసిన ఫ్రాన్సెస్ హాడ్జ్‌సన్ బర్నెట్. ఫిలడెల్ఫియా ఎక్కడ, టెనెసీ పల్లె ఎక్కడ! తను ఎంచుకోని ఊళ్ళో ఉంటూ, తపాలా బిళ్ళ పుణ్యాన తనకి కావలసిన ఊరిని ఆ పిల్ల చేరుకుంది.

ఈ కథలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకొకటి తోస్తుంది. ఏ కారణంతో ఊరు ఎంచుకున్నారో ఆ కారణం ఇంచుమించు ఎవరి విషయంలోనూ నిలవలేదు. బీట్ పంచదార రాలేదు. బజారు నడవలేదు. తమ్ముడి వ్యాపారం పోయింది. ఒకే ఊరు కడదామన్న స్నేహమూ చెడింది. నిలిచినవి వేరు. మంచినీళ్ళ ఊట నిలిచింది. పలకరించే పొరుగు నిలిచింది. ఆడపిల్ల చేతిలో ఉన్న చదువు నిలిచింది. ఉత్తరం అందించే తపాలా నిలిచింది.

ఇవాళ మన పిల్లలు కూడా లండన్‌లో కొన్నాళ్ళు ఉండి, అక్కడి నుంచి డల్లాస్ వెళ్ళాలా న్యూజెర్సీ వెళ్ళాలా అని లెక్కలు వేసుకుంటున్నారు. జీతం, అద్దె, పన్ను అన్నీ కాగితం మీద పెడుతున్నారు. పెట్టవలసిందే. కాని ఆ కాగితం అడుగున ఇంకో వరస ఉండాలి. అనుకున్నది జరిగితే ఈ ఊళ్ళో ఎలా ఉంటామన్నది అందరూ అడుగుతారు. అనుకున్నది జరక్కపోతే, ఈ ఊరు మనకి ఏం పని ఇస్తుంది, ఎవరు తలుపు తీస్తారు అన్నది అడగవలసింది. హన్నా బ్లాక్‌వెల్‌ని ఆ ప్రశ్న ఎవరూ ముందుగా అడగలేదు. జవాబు మాత్రం ఆవిడే చెప్పవలసి వచ్చింది.